పాత ఫ్రేమ్‌లో కొత్త అద్దాలు: 70కీ 62కీ మధ్య

మాది మారేడుమిల్లి. ఈ పేరు చెప్పగానే క్లాసులో అందరూ అడిగేది ఒకటే: "బొంగు చికెన్ ఊరేనా?" అవును, ఆ ఊరే. మా నాన్న పని కూడా అదే. రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు తిప్పుతూ ఉంటారు. ఆయనకి రెండు కళ్ళకీ మైనస్ 4 పవర్. అంటే కళ్ళజోడు తీసేస్తే దాదాపు 25 సెంటీమీటర్లు దాటాక అన్నీ మసకే.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే ఆయన అద్దాల నిండా సాలెగూడులా సన్నటి పగుళ్ళు. ఎంత తుడిచినా పోవట్లేదు. ఫ్రేమ్ మాత్రం గట్టిగానే ఉంది. "ఫ్రేమ్ ఇదే ఉంచి అద్దాలు మారుద్దాం నాన్నా, డబ్బులు నేనిస్తా" అన్నాను. హ్యాకథాన్ ప్రైజ్ మనీ అప్పటికింకా అయిపోలేదు!

అద్దం ఎందుకు పగిలింది?

నిజానికి పగిలింది అద్దం కాదు, దాని మీది పూత. మనం వాడే మామూలు ప్లాస్టిక్ అద్దం పేరు సీఆర్-39. 1940ల్లో అమెరికాలో తయారైన కొలంబియా రెజిన్, 39వ రకం. వెలుగు తిరిగి మెరవకుండా దీని మీద సన్నటి యాంటీ రిఫ్లెక్షన్ పూత వేస్తారు. వేడి తగిలితే ప్లాస్టిక్ ఎక్కువ సాగుతుంది, పూత అంత సాగలేదు. దాంతో చిట్లుతుంది. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళకే కాదు, ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద కళ్ళజోడు వదిలేసేవాళ్ళకీ ఇదే గతి.

ఏ ఫ్రేమ్‌లో మార్చొచ్చు?

చుట్టూ మెటల్ ఉండే ఫ్రేమ్ అయితే సులువు. పక్కన చిన్న స్క్రూ విప్పితే అద్దం వచ్చేస్తుంది. ప్లాస్టిక్ ఫ్రేమ్‌ని కొద్దిగా వేడిచేసి అద్దం ఎక్కిస్తారు. బాగా పాతదై ఎండిపోయి ఉంటే అప్పుడే విరగొచ్చు, అందుకే ముందే అడగండి. సగం ఫ్రేమ్ అయితే కింద నైలాన్ దారం కొత్తది వేయించాలి. ఫ్రేమ్ లేని రకానికి అద్దంలోనే రంధ్రాలు వేయాలి కాబట్టి పని తెలిసినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

చీటీలో ఏముంటుంది, ఏముండదు?

2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలై స్కూలు పిల్లలకి పరీక్షలు చేసినప్పుడు మనలో చాలామంది మొదటిసారి కంటి చీటీ చూసుంటాం. అందులో ఎస్‌పీహెచ్ అంటే పవర్. సీవైఎల్, యాక్సిస్ అంటే ఆస్టిగ్మాటిజం ఎంత, ఏ కోణంలో అన్నది. ఓడీ కుడి కన్ను, ఓఎస్ ఎడమ కన్ను. చాలా చీటీల్లో రాయనిది ఒకటుంది: పీడీ. రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. నేను ఆ రోజు దాని గురించి అడగలేదు.

ఊరికి 80 కిలోమీటర్ల పైనే ఉన్న రాజమండ్రిలో ఒక షాపులో అద్దాలు మార్పించాం. చీటీ కొత్తది, పవర్ కరెక్ట్. మర్నాటి నుంచి నాన్నకి తలనొప్పి. "కొత్తవి కదా నాన్నా, అలవాటైపోతుందిలే" అని చెప్పి కాలేజీకి వచ్చేశాను.

రెండు వారాల తర్వాత అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాన్న కళ్ళజోడు జేబులో పెట్టుకుని, ఉత్త కళ్ళతో ఘాట్ రోడ్డులో బండి నడుపుతున్నారట. మైనస్ 4తో, ఆ మలుపుల్లో! ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు డబ్బులు పెట్టి చేయించావు కదరా" అన్నారు.

డీబగ్గింగ్

ఆ శనివారమే బస్సెక్కాను. ఇంటికెళ్ళి ఫ్రేమ్ తిరగేసి చూస్తే చెవి మీదకెళ్ళే కాడ లోపల 52, 18, 140 అని ఉంది. 52 ఒక్కో అద్దం వెడల్పు, 18 ముక్కు దగ్గర ఖాళీ, 140 కాడ పొడవు. 52, 18 కలిపితే 70. అంటే రెండు అద్దాల నడిమధ్యల మధ్య దూరం 70 మిల్లీమీటర్లు. నాన్న పీడీ స్కేలుతో కొలిస్తే 62 వచ్చింది.

మీరూ ఇలా చెక్ చేసుకోవచ్చు. కాగితం మీద పెద్ద ప్లస్ గుర్తు గీయండి. కళ్ళజోడుని కాస్త పైన పట్టుకుని, ఒక కన్ను మూసి నిట్టనిలువుగా చూడండి. అద్దంలో కనిపించే గీతలు బయటి గీతలతో తెగకుండా కలిసే చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. అదే ఆప్టికల్ సెంటర్. సీవైఎల్ ఉన్న అద్దంలో గీతలు వంకరపోతాయి కాబట్టి అలాంటివి షాపులోనే చూపించండి. నాన్న అద్దాల్లో రెండు చుక్కల మధ్య దూరం సరిగ్గా 70. కళ్ళని కొలవకుండా, ఫ్రేమ్ మధ్యలో సెంటర్ పెట్టేశారన్నమాట!

దీనికి లెక్క ఉంది, ప్రెంటిస్ రూల్ అంటారు. సెంటర్ ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణించాలి. 0.8 × 4 = 3.2 ప్రిజం డయాప్టర్లు. రెండు కళ్ళూ ఒకే బొమ్మ చూడాలంటే రోజంతా కాస్త బయటికి తిరిగి ఉండాలి. కళ్ళు లోపలికి తిరగడం తేలిక, బయటికి కష్టం. తలనొప్పి అందుకే. అదే పవర్ 0.5 అయితే 0.4 మాత్రమే వచ్చేది, నాన్నకి తెలిసేది కూడా కాదేమో. పవర్ పెరిగే కొద్దీ పీడీ ముఖ్యం.

చుక్కలు చూపించగానే షాపాయన పేచీ పెట్టకుండా అదే ఫ్రేమ్‌లో మళ్ళీ చేసిచ్చారు. ఈసారి పీడీ కొలిచి, చీటీ మీద రాయించుకున్నాను. పొయ్యి దగ్గరికి మాత్రం యాంటీ రిఫ్లెక్షన్ పూత లేకుండా ఇంకో చవక జత చేయించాం.

మీ ఇంట్లో ఎవరైనా కొత్త అద్దాలతో తలనొప్పి అంటే రెండు మూడు రోజులు చూడండి. తగ్గకపోతే "అలవాటవుతుంది" అనకండి, కొలవండి. నాన్న ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకునే బండి నడుపుతున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం మానలేదు: "ఆ 70 ఫ్రేమ్ మీదే ఉందిగా, ముందే ఎందుకు చూడలేదురా ఇంజనీరూ?"