కంప్యూటరు చేతికిచ్చే పటం

సికిందరాబాదు స్టేషనులో రైలు దిగినవారు పట్టాల అల్లికను చూసే ఉంటారు. 1874లో ఇక్కడికి మొదటి రైలుమార్గం వచ్చింది. ఆనాటి నుంచి పట్టాలు పెరుగుతూ వచ్చినవి. ఏ పట్టా ఎక్కడ చీలుతుందో, ఏ సిగ్నలు ఏ దారిదో కొత్తగా వచ్చిన స్టేషను మాస్టరుకు ఎలా తెలుస్తుంది?

రైళ్ళు నడిపే సామాన్య నియమాలు దేశమంతటికీ ఒక్కటే. కాని మౌలాలీ యార్డు వేరు, కాజీపేట యార్డు వేరు. అందుచేత ప్రతి స్టేషనుకూ విడిగా ఒక నియమావళి, ఒక పటం ఉంటవి. మాస్టరు వాటిని చదివి, అర్థమైందని సంతకం చేసిన తరువాతనే పనిలో దిగాలి. యార్డు మారితే పటమూ మారాలి. అందరూ మళ్ళీ చదివి సంతకం చెయ్యాలి.

కంప్యూటరుకూ ఇలాంటి చిక్కే ఉన్నది. అందులోని పరికరాలన్నిటినీ నడిపే పెత్తందారు ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ అలాంటిదే. బల్ల మీది కంప్యూటరులో చాలా పరికరాలు "నీవెవరు?" అని అడిగితే జవాబు చెబుతవి. కాని సెల్‌ఫోను వంటి చిన్న యంత్రాలలో, వేడిని కొలిచే చిప్పు వంటివి నోరు విప్పవు. అవి ఎక్కడ ఉన్నవో కెర్నెల్‌కు ముందే చెప్పాలి.

ఆర్మ్ జాతి చిప్పులున్న బోర్డుల వివరాలను పూర్వం కెర్నెల్ లోపలనే రాసేవారు. కొత్త బోర్డులు వచ్చినకొద్దీ ఆ రాత కొండలా పెరిగింది. 2011లో టోర్వాల్డ్స్ దీన్ని చూసి విసుక్కున్నాడు. అటుపైన ఆ వివరాలను విడిగా ఒక పటంలోకి మార్చసాగారు. దాని పేరు డివైస్ ట్రీ, అనగా పరికరాల చెట్టు. బోర్డు మాను, పరికరాలను కలిపే దారులు కొమ్మలు, పరికరాలు ఆకులు. ఆకు ఆకునా పరికరం పేరూ, చిరునామా ఉంటవి. ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణంలోనే ఉన్నది. మనిషి రాసిన పటాన్ని కెర్నెల్ చదవగల రూపంలోకి మార్చే పనిముట్టు డివైస్ ట్రీ కంపైలరు.

పటంలో ఒక్క అంకె తప్పితే ఏమవుతుంది? కెర్నెల్ వేరే ఇంటి తలుపు తడుతుంది. పరికరం పలకదు, ఒక్కొక్కప్పుడు యంత్రమే లేవదు. కరెంటు వోల్టేజి హద్దు తప్పుగా రాస్తే చిప్పు కాలిపోవచ్చు కూడా! వ్యాకరణం సరిగా ఉన్నంత మాత్రాన చిరునామా సరి అయినదని చెప్పలేము గదా. అందుకే ఏ పరికరానికి ఏ వివరాలు తప్పనిసరో నియమాలు రాసి, ప్రతి పటాన్నీ వాటితో పోల్చి చూసే పనిముట్లు తయారుచేశారు.

ఈ పనిముట్లను కాపాడేవారికి ఇంకొక బాధ్యత కద్దు. ఎప్పుడో అమ్ముడైన పెట్టెలోని పాత పటం, నేటి కొత్త కెర్నెల్‌కు కూడా అర్థం కావాలి. కొత్త మాట చేర్చవచ్చు. పాత మాటకు అర్థం మార్చరాదు. మార్చితే ఎవరి ఇంట్లోనో చక్కగా పనిచేసే యంత్రం మూగబోతుంది.

పిల్లలూ, మీరూ ఒక పని చెయ్యండి. మీ ఇంటి పటం గీసి, ఇల్లెరుగని స్నేహితునికి ఇచ్చి, మంచినీళ్ళ బిందె వెతకమనండి. మీరు మాత్రం నోరు మెదపవద్దు. అతను ఎక్కడ ఆగిపోతాడో, మీ పటంలో తప్పు అక్కడే ఉన్నది!