ఇల్లు చూచి కొనవలెను

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. కట్టువాని కష్టమును ఆ సామెత చెప్పినది గాని, మరియొకరు కట్టిన ఇంటిని కొనువాని కష్టమును చెప్పలేదు. కట్టినవాడు పునాది మొదలు పైకప్పు వరకు తన ఇంటిని ఎరుగును. కొనువాడు రంగు వేసిన గోడను మాత్రమే చూచి, జీవితమంతయు కూడబెట్టిన ధనమును ధారపోయుచున్నాడు. సంతలో మట్టికుండను కొనునపుడు వ్రేలితో తట్టి, దాని మ్రోత విని కొనెదము. ఇంటి విషయమున ఆపాటి జాగ్రత్తయైనను వహింపకుండుట వింత కాదా?

మా తండ్రిగారు పదవీ విరమణ చేసినపుడు లభించిన సొమ్ముతో వేసవిలో ఒక పాత ఇంటిని కొనిరి. అప్పుడే వేసిన సున్నముతో గోడలు తెల్లగా మెరయుచుండెను. శ్రావణ మాసమున వానలు పడగానే పడకగది గోడ నేల నుండి మూడడుగుల ఎత్తు వరకు చెమ్మగిల్లినది. అమ్మినవారిని అడుగగా, "మీరు అడుగలేదు గదా" అనిరి. మా చెల్లెలి చదువునకై దాచిన పైకము ఆ గోడ పాలైనది. ఈ వ్యాసమునకు ఆ గోడయే కారణము.

"రిజిస్ట్రేషను జరిగినది గదా, భయమేల?" అని పలువురు తలచుచుందురు. ఇది పొరపాటు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువ గల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరుగవలెను. కాని రిజిస్ట్రారు పరిశీలించునది కాగితమును, గోడను కాదు. ఈ.సీ. యందు రిజిస్టరయిన లావాదేవీలు కనబడునే గాని స్లాబులోని తుప్పు కనబడదు.

అదే చట్టములోని 55వ సెక్షను మరియొక ముఖ్య విషయమును చెప్పుచున్నది. వేరొక ఒప్పందము లేనిచో, తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను బయటపడని ముఖ్య లోపమును అమ్మువాడు తెలుపవలెను, తెలుపకుండుట మోసమగును. దీని అర్థమును నిదానముగా గ్రహింపవలెను. దాగిన లోపమును చెప్పుట అమ్మువాని బాధ్యత. జాగ్రత్తగా చూచిన కనబడు లోపమును చూచుకొనుట కొనువాని బాధ్యత. కావున ఇంటి పరీక్ష ముచ్చటకు చేయునది కాదు. అది చట్టము మనపై నుంచిన భారము. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము, నిర్మాణ సంస్థ అప్పగించిన కొత్త ఇంటిలో ఐదేండ్లలోపు బయటపడిన నిర్మాణ లోపమును, తెలిపిన 30 దినములలో ఉచితముగా సరిచేయవలెనని విధించినది. కాని ఒక గృహస్థు మరియొక గృహస్థునకు అమ్ము పాత ఇంటికి ఈ రక్షణ లేదు.

ఇక పరీక్షించు విధానము. బయానా ఇచ్చుటకు ముందే, మధ్యవర్తితో సంబంధము లేని అనుభవజ్ఞుడైన మేస్త్రీని గాని ఇంజనీరును గాని వెంట తీసికొని పోవలెను. వారికిచ్చు రుసుము ఇంటి వెలలో స్వల్పము. వీలైనచో వానకాలమున చూచుట మేలు.

మొదట ఇంటి వెలుపల నిలిచి నేల వాలును చూడవలెను. 2020 అక్టోబరు వరదలలో హైదరాబాదునందు చెరువులకు దిగువనున్న పలు కాలనీలు నీట మునిగినవి. స్థలము చెరువు శిఖములో నున్నదా, ప్రహరీపై నీటి మరకలున్నవా అని చూచి, ఇరుగుపొరుగు వారిని విచారింపవలెను.

తరువాత గోడలు. పగుళ్ళన్నియు ఒక్కటి కావు. దూలమునకును ఇటుక గోడకును నడుమ కనబడు వెంట్రుకవంటి గీత సాధారణముగా ప్రమాదకరము కాదు. కిటికీ మూల నుండి ఏటవాలుగా సాగుచు, ఒక వైపు వెడల్పగు పగులు పునాది క్రుంగుటను సూచింపవచ్చును. ఆ పగులుపై చిన్న గాజు ముక్కను అతికించి కొన్నాళ్ళు చూచినచో, కదలిక ఇంకను ఉన్నదో లేదో తెలియును. ఉన్నచో గాజు పగులును. గోడ అడుగున తెల్లని ఉప్పు పొంగుచున్నచో చెమ్మ ఎక్కుచున్నదని అర్థము. పాతబస్తీలోని రాతి, డంగుసున్నపు గోడలపై సిమెంటు పూత పూసినచో, లోని చెమ్మ బయటికి పోలేక గోడలోనే నిలుచును. ఒక్క గోడకే కొత్త రంగున్నచో కారణమడుగవలెను.

స్లాబు అడుగుభాగమును కఱ్ఱతో తట్టవలెను. డొల్ల మ్రోత వచ్చుట మంచిది కాదు. ఇనుము తుప్పు పట్టినపుడు ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టును. స్నానపు గదిలో నీరు నిలిపి, క్రింది కప్పును పరిశీలింపవలెను. ద్వారబంధములను తట్టి, చెదల మట్టి దారులను వెదకవలెను. విద్యుత్తుకు ఎర్తింగు ఉన్నదో లేదో పనివానిచే పరీక్షింపజేయవలెను.

చివరకు టేపుతో స్థలమును కొలిచి, దస్తావేజులోని హద్దులతో సరిచూడవలెను. ఇచ్చట మన విద్యార్థులకొక విశేష సౌకర్యము కలదు. 1948కి పూర్వపు హైదరాబాదు రాజ్యములో ఉర్దూ అధికార భాష; అందుచేత అనేక పాత ఇండ్ల బైనామాలు ఉర్దూలో నున్నవి. తెలుగు దస్తావేజులోని చెక్కుబందీయే అందలి హుదూదె అర్బా. రెండు భాషలు చదువగలవాడు పాత పత్రమును కొత్త పత్రముతో పోల్చి, మాయమైన గజములను పట్టుకొనగలడు.

అమ్మువారికిని ఒక మాట. లోపమును రంగుతో కప్పుటకంటె, చేయించిన మరమ్మతులను, మిగిలిన లోపములను కాగితముపై వ్రాసి, కొనువానికిచ్చి సంతకము తీసికొనుట క్షేమము. వెల కొంత తగ్గవచ్చును గాని, వ్యాజ్యము తప్పును.

విద్యార్థులారా! నేడో రేపో మీ ఇంట ఇల్లు కొనుమాట రాకపోదు. అప్పుడు పెద్దలు మిమ్ములను కాగితములు చదువుమని పిలిచెదరు. కాగితములు చదువుడు; పిదప గోడను గూడ తట్టి చూడుడు. "మీరు అడుగలేదు గదా" అను మాట మీ తల్లిదండ్రులు వినకుండుగాక.