మీకు తెలుసా? గెలుపు సొమ్ము కంటే పేరు సొమ్మే ఎక్కువ

అమెరికా గోల్ఫ్ దిగ్గజం ఆర్నాల్డ్ పామర్ పీజీఏ టూర్‌లో 62 టైటిళ్లు గెలిచినా, అక్కడ మొత్తం మీద అందుకున్న బహుమతి సొమ్ము సుమారు 18.6 లక్షల డాలర్లే. ఆయన కన్నుమూసిన 2016లో మాత్రం, ఆయన పేరుతో నడిచే వ్యాపారాల మీద ఏడాది రాబడే 4 కోట్ల డాలర్లని ఫోర్బ్స్ పత్రిక లెక్కగట్టింది!

నాలుగు రోజుల గోల్ఫ్ పోటీల్లో సాధారణంగా రెండు రోజులు కాగానే వెనకబడ్డవాళ్లను ఆపేస్తారు. చాలా చోట్ల వాళ్లకు పైసా దక్కదు. ప్రయాణం, బస, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) జీతం మాత్రం సొంత ఖర్చే. ప్రచార ఒప్పందం అలా కాదు, ఓడిన వారం కూడా ఆదుకుంటుంది. నిలకడగా ఆడేవాళ్ల టోపీ మీది కంపెనీ పేరు నాలుగు రోజులూ టీవీలో కనిపిస్తూనే ఉంటుంది మరి.

బ్యాడ్మింటన్‌లోనూ ఇదే తీరు. ఫోర్బ్స్ 2018 లెక్కలో మన పి.వి. సింధు ఆదాయం 85 లక్షల డాలర్లు. అందులో ఆట మీద వచ్చింది 5 లక్షలే! అంత కష్టపడి గెలిచిన పతకాల విలువ బహుమతి చెక్కులో కనబడదు.

ఇలాంటి ఒప్పందాలు హోసూరుకూ కొత్త కాదు. ఇక్కడి టీవీఎస్ కంపెనీ తన విక్టర్ బండికి ప్రచారకర్తగా పెట్టుకున్నది సచిన్ టెండూల్కర్‌నే.