రంగు మారినా చక్కెర చక్కెరే!

మా అత్తయ్యగారికి షుగరు. పుట్టినరోజుకు కేకు చేసి, ‘బ్రౌన్ షుగరేగా, ఫర్వాలేద’ని రెండు ముక్కలు పెట్టాను. రెండు గంటలయ్యాక మీటరులో అంకె చూసేసరికి గుండె గుభేలుమంది!

ఆరా తీస్తే తెలిసింది. బజారు బ్రౌన్ షుగర్ చాలావరకు తెల్ల పంచదారకు మొలాసిస్, అంటే చెరకు మడ్డి, పట్టించిందేనట. లేతరంగు దాంట్లో మడ్డి సుమారు 3.5 శాతం, ముదురు దాంట్లో 6.5 శాతం. మన అనకాపల్లి బెల్లంలోనో, మడ్డి తీయరు. చెరకు రసాన్నే కాచి ముద్ద కట్టిస్తారు.

కేకులో తేడా రుచిదే. మడ్డి తేమను పట్టి ఉంచుతుంది, కేకు మెత్తగా వస్తుంది. దాని పులుపు గుణానికి వంటసోడా తోడైతే చక్కగా పొంగుతుంది. బెల్లమైతే తురిమి, జల్లించి వేయండి.

షుగరున్నవాళ్లకు మాత్రం ఏదైనా ఒకటే. రంగు కాదు, ముక్క సైజు చూసి పెట్టండి. అత్తయ్యగారికి ఇప్పుడు నేను పెట్టేది రెండు వేళ్లంత ముక్కే!