నిందలో పోటీ, చట్టంలో పొత్తు

2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ పన్ను లెక్కలు పెద్ద వివాదమయ్యాయి. 2011లో ఆయన ఆదాయం సుమారు 1 కోటి 37 లక్షల డాలర్లు. దానిపై చెల్లించిన సమాఖ్య ఆదాయపు పన్ను దాదాపు 14 శాతమే. ఇది అన్యాయమని డెమోక్రాట్లు ఎలుగెత్తారు.

కాని ఆ వెసులుబాటు చట్టమిచ్చినదే. ఆనాడు జీతంపై గరిష్ఠ పన్ను 35 శాతం. షేర్ల వంటి దీర్ఘకాల పెట్టుబడుల లాభంపై 15 శాతం. ఈ రేటును 2003లో తగ్గించినది రిపబ్లికన్ బుష్ ప్రభుత్వం. 2010లో రాజీపడి, దాని పొడిగింపుపై సంతకం చేసినది డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా. 2013లో రెండు రేట్లూ పెరిగాయి. నడుమ అంతరం మాత్రం చెరగలేదు.

ప్రత్యర్థి సంపదను ఎత్తిచూపడం సులభం, తాము ఆమోదించిన చట్టాన్ని తూచుకోవడమే కష్టం. ఓటరు అభ్యర్థిని “ఎంత పన్ను కట్టావు?” అని అడిగి ఊరుకోరాదు, “ఏ చట్టానికి చేయెత్తావు?” అనీ నిలదీయాలి.