పెబ్బేరు సంత

పెబ్బేరు సంత తెలంగాణ రాష్ట్రము, వనపర్తి జిల్లా, పెబ్బేరు పట్టణములో ప్రతి శనివారము జరిగే వారపు సంత. ఎద్దులు, ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల క్రయవిక్రయాలకు పాలమూరు ప్రాంతములో ఇది పేరు పొందినది. గద్వాలకు కోట, జరీ చీరలు, వనపర్తికి సంస్థానాధీశుల ప్రాసాదము పేరు తెచ్చిపెట్టగా పెబ్బేరుకు పేరు తెచ్చినవి రహదారి, సంత మాత్రమే.

ఉనికి

పెబ్బేరు హైదరాబాదు - కర్నూలు మార్గములో, 44వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. 2010లో నంబర్లు మార్చేవరకు ఇది 7వ నంబరు రహదారి. ఊరికి ఉత్తరముగా కొత్తకోట, దక్షిణముగా కృష్ణానదిపై బీచుపల్లి వంతెన ఉన్నవి. వంతెన దాటి ఎర్రవల్లి కూడలి వద్ద మళ్ళితే గద్వాల, అటునుంచి కర్ణాటకలోని రాయచూరు చేరవచ్చును. వనపర్తికి, శ్రీరంగాపురమునకు ఇక్కడినుండి వేరు రోడ్లు కలవు. ఇన్ని దారులు కలిసే చోట సంత పెరగడములో ఆశ్చర్యము లేదు.

నేల ఎక్కువగా ఎర్ర చల్క. సాలీనా వర్షపాతము సుమారు 600 మిల్లీమీటర్లు. నది చేరువలోనే ఉన్ననూ పల్లములో పారుతుంది కనుక జూరాల కాలువ వచ్చేవరకు ఇక్కడి సేద్యము వానమీద, చెరువులమీద, మోటబావులమీద ఆధారపడినది. పరిసర గ్రామాలలో జొన్న, ఆముదము, వేరుశనగ మెట్ట పంటలు.

పూర్వ చరిత్ర, తొలి వృత్తులు

పెబ్బేరు మండలములోని సూగూరు ఒకప్పుడు సంస్థానాధీశుల రాజధాని. వనపర్తి సంస్థానమునకు అంతకుముందున్న పేరు సూగూరు సంస్థానమే. 1948 వరకు ఈ ప్రాంతము నిజాము సార్వభౌమత్వము క్రింద ఉన్నది. తుంగభద్రకు ఆవల ఉన్న కర్నూలు మాత్రము 1839లో నవాబు పదవీచ్యుతుడైన తరువాత నేరుగా ఆంగ్లేయుల పాలనలోనికి పోయినది. దీని ఫలితము వ్యాపారికి నిత్యమూ తెలిసేది. ఇవతల హాలీ సిక్కా, అవతల కలదారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కలదారు రూపాయలకు సమానము. సరిహద్దు దాటే సరుకుపై నిజాము ప్రభుత్వపు కరోడ్‌గిరి శాఖ సుంకము వసూలు చేసేది. కర్నూలు వైపునుండి జోడెద్దులను తోలుకొని వచ్చిన రైతు ఎద్దుల బేరముతోపాటు నాణెముల మారకమును కూడా లెక్క వేసుకొనవలసి వచ్చేది.

ఈ ప్రాంతపు సంత ఊళ్ళలో మొదట స్థిరపడినవారు కాపులు, గొల్ల కురుమలు, చేతివృత్తులవారు, కిరాణా కోమట్లు. సంత సరుకును చూస్తే ఎవరి వృత్తి ఏమిటో తెలిసేది. మాదిగలు మోటలకు తోలు తొండములు, చెప్పులు తెచ్చేవారు. కమ్మరులు నాగటి కర్రులు, వడ్రంగులు కాడి మేడి, మేదరులు గంపలు చాటలు, కుమ్మరులు కుండలు అమ్మేవారు. కురుమలు దక్కని నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగళ్ళు తెచ్చేవారు. వానకు, చలికి, కటిక నేలపై పడకకు పనికివచ్చే గొంగడి రైతు ఇంట తప్పక ఉండేది. మాంసము ఎక్కువ వచ్చే నెల్లూరు గొర్రెల పెంపకము పెరిగి, ఉన్ని గొర్రెలు తగ్గిన కొద్దీ ఈ సరుకు సంతలలో అరుదైనది.

బేరము జరిగే పద్ధతి

పశువును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళు ఊడి మొదటి జత శాశ్వత దంతాలు సుమారు రెండేళ్ళు దాటినాక వస్తాయి. అది "రెండు పళ్ళ కోడె". తరువాత నాలుగు, ఆరు, సుమారు అయిదేళ్ళకు ఎనిమిది పళ్ళు పూర్తి అవుతాయి. ఆపైన అరుగుదలను బట్టి వయసు ఊహించవలసినదే. నడిపించి గిట్టలు, మూపురముపై కాడి రాసిన మచ్చ చూస్తారు. సుడులకు శుభాశుభములు చెప్పే నమ్మకము ఉన్నది. సుడి బాగులేదని చెప్పి ధర తగ్గించుకొనే నేర్పు కూడా దానితోపాటే ఉన్నది.

మధ్యవర్తిని దళారి అంటారు. పాత పశువుల సంతలలో దళారి, కొనుగోలుదారు కండువా చాటున చేతులు కలిపి వేళ్ళు పట్టి ధర తెలుపుకొనేవారు. వంద, వేయి అను లెక్క ముందే నోటితో చెప్పుకొంటారు కనుక పట్టిన వేళ్ళ సంఖ్యయే ధర. చుట్టూ నిలబడినవారికి ధర తెలియదు, ఒక్కొక్కసారి అమ్మేవానికి కూడా సరిగా తెలియదు. దళారి లాభము అక్కడే ఉండేది. ధర కుదిరితే బయానా ఇచ్చి, తైబజారు కట్టి రశీదు పొందుతారు. తైబజారు వసూలు హక్కును స్థానిక సంస్థలు వేలము వేయడము సంతలలో వాడుక. పెబ్బేరు వంటి ఊరికి ఇది ముఖ్యమైన ఆదాయము.

కరువు, సంత ధరలు

మెట్ట రైతుకు ఎద్దుల జత పనిముట్టు మాత్రమే కాదు, దాచుకొన్న సొమ్ము కూడా. వానలు బాగా కురిసిన సంవత్సరము అందరూ కొనేవారే కనుక ఎద్దుల ధర పెరుగుతుంది. వాన తప్పితే మేత కొరవడి అందరూ ఒక్కసారే అమ్మకానికి తెస్తారు, ధర పడిపోతుంది. రైతు అగ్గువకు అమ్మి, మరుసటి ఏడు పిరముకు కొనవలసి వస్తుంది. పాలమూరు కరువులో అప్పు ఎట్లు పుడుతుందో తెలుసుకోవడానికి ఈ వ్యత్యాసమును మించిన ఉదాహరణ లేదు. ఎద్దులు పోయినవాడు సేద్యము మాని కూలికి పోతాడు. దూర ప్రాంతాలలో ఆనకట్టలు, కాలువలు త్రవ్విన పాలమూరు కూలీలలో ఇటువంటివారు ఎందరో కలరు. గొర్రెలు, మేకలు ఉన్నవారు కొంత నయము. మందనుండి నాలుగింటిని అమ్మి కాలము గడుపవచ్చును, మిగిలినవి మళ్ళీ ఈనుతాయి. ఎద్దులో సగము అమ్మడానికి వీలు లేదు.

ఇటీవలి మార్పులు

1981లో శంకుస్థాపన జరిగిన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఎడమ కాలువ ద్వారా 1990లలో ఈ ప్రాంతమునకు నీరు వచ్చి వరి సాగు పెరిగినది. భీమా ఎత్తిపోతల పథకములో శ్రీరంగాపురము రంగసముద్రము జలాశయముగా మారినది. నీటితోపాటు ట్రాక్టరు కూడా వచ్చినందువలన దుక్కిటెద్దుల గిరాకీ తగ్గి, పాడి గేదెలు, గొర్రెలు, మేకల వ్యాపారమునకు ప్రాధాన్యము పెరిగినది. నాలుగు వరుసల రహదారి వచ్చిన తరువాత జీవాలను రాత్రికి రాత్రే హైదరాబాదు చేర్చడము సులభమైనది. పూర్వము రెండు మూడు రోజులు కాలినడకన తోలుకొని వచ్చే మందలు ఇప్పుడు ఆటో ట్రాలీలలో దిగుతున్నవి.

వనపర్తి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడగా, పెబ్బేరు 2018లో పురపాలక సంఘమైనది. ఒకప్పుడు నీరు లేని సీమగా పేరుబడిన ఈ ఊరిలో 2017లో మత్స్య కళాశాల నెలకొల్పబడినది.