కుక్క గిన్నెలోకి పశువుల క్షయ

ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్‌లో కింబుల్‌విక్ హంట్ అనే బృందం నక్కల వేటకుక్కల్ని పెంచేది. 2016 చివర్లో అక్కడి కుక్కలు నీరసపడి చిక్కిపోసాగాయి. చనిపోయినవాటిని కోసి చూస్తే కిడ్నీలు దెబ్బతిని ఉన్నాయి. కారణం మైకోబ్యాక్టీరియం బోవిస్, పశువులకు క్షయ తెచ్చే క్రిమి. చివరికి 97 కుక్కల్ని చంపాల్సి వచ్చింది.

రైతుల దగ్గర చచ్చిన పశువుల్ని తెచ్చి వేటకుక్కలకు పచ్చిగా పెట్టడం అక్కడి పాత అలవాటు. అనుమానం దానిమీదికే పోయింది. 2017లో పశువుల లోపలి అవయవాలను వేటకుక్కలకు పచ్చిగా పెట్టడాన్ని ప్రభుత్వం ఆపేసింది.

లోపలి అవయవాలే ఎందుకు? పశువు ఈ క్రిమిని ఎక్కువగా ఊపిరితోనే పీల్చుకుంటుంది. అది ఊపిరితిత్తుల్లో, వాటిని ఆనుకుని ఉండే లింఫు గ్రంథుల్లో తిష్ఠ వేస్తుంది. ముదిరిన గడ్డను కోస్తే లోపల పసుపుపచ్చగా, జున్నులాంటి పదార్థం ఉంటుంది. సున్నం పట్టి ఉంటే కత్తికి ఇసుక తగిలినట్టుంటుంది. కబేళాలో పశువైద్యుడు ఆ గ్రంథుల్నే వెతికి కోసి చూసేది అందుకే. కండలో క్రిమి అరుదు. మనిషి కండను తన పళ్లెంలోకి తీసుకుని, ఊపిరితిత్తిని కుక్కకు విసిరాడు. క్రిమి ఉండే చోటు సరిగ్గా అదే.

పిల్లుల సంగతి మరీ చిత్రం. అదే దేశంలో గడప దాటని పిల్లులకూ ఈ జబ్బు వచ్చింది. పశువుని చూసిందీ లేదు, ఎలుకను పట్టిందీ లేదు. వాటన్నిటికీ కలిసిన విషయం జింకమాంసంతో చేసి అమ్మే పచ్చి తిండి. 2018 డిసెంబరులో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనుకోవద్దు, చలికి ఈ క్రిమి చావదు. జబ్బుపడిన జంతువు నుంచి మనిషికీ అంటుతుంది. కింబుల్‌విక్ కుక్కల్లోలా కిడ్నీలకు పాకితే మూత్రంలోనూ క్రిమి బయటికి రావచ్చు.

మన దేశంలో పశువులకు క్షయ పరీక్ష చేసి, జబ్బున్నవాటిని ఏరివేసే జాతీయ పథకం లేదు. ఆదివారం మటన్ కొట్టు దగ్గర కుక్క కోసమని కట్టించుకునే తిత్తి, బోటీ ఏ తనిఖీ దాటి వచ్చాయో అడిగేవాళ్లు తక్కువ. మేకలకు, గొర్రెలకు ఈ జబ్బు ఆవులకంటే తక్కువే, కానీ అసలు రాదనలేం. చిన్న ముక్కలు చేసి, లోపలిదాకా మెత్తబడేలా కుక్కర్‌లో ఉడికిస్తే క్రిమి బతకదు. ఉడికిన తిత్తి పెట్టారని కుక్క అలగదు; ఆ వాసనకు ముక్కు మూసుకోవాల్సింది వంటింట్లోవాళ్లే.